ప్రెస్సు పేరు లేని కరపత్రం

మా నాయన కంపోజిటర్. జహీరాబాద్‌లో స్టేషన్‌కు తిరిగే మలుపు దగ్గర ఒక చిన్న ప్రెస్సు ఉండేది. అందులో ఇరవై ఏళ్లకు పైగా అక్షరాలు కూర్చాడు. చిన్న చిన్న గళ్లున్న చెక్క పెట్టె ముందు నిలబడి, ఒక్కో గడిలోంచి ఒక్కో సీసపు అక్షరం తీసి, చేతిలోని ఇనుప పట్టీలో తలకిందులుగా పేర్చేవాడు. పెళ్లి కార్డులు, దుకాణాల బిల్లు పుస్తకాలు, దర్గా ఉర్సు నోటీసులు, అల్లం మండీ వాళ్ల చీటీలు అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. బడి విడిచాక నేను అక్కడికే వెళ్లి కూర్చునేదాన్ని. అందుకే మామూలు అక్షరాలతో పాటు తిరగబడ్డ అక్షరాలు చదవడం కూడా నాకు చిన్నప్పుడే వచ్చింది.

ప్రెస్సుకు నాలుగు దుకాణాల అవతల గడియారాలు బాగుచేసే దుకాణం. ఆ దుకాణం ఆయన కూతురే నా స్నేహితురాలు. ఐదో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివి, ఆ తర్వాత మా బడిలో చేరింది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, బీదర్ వైపు నుంచి గడియారం పట్టుకుని వచ్చేవాళ్లతో కన్నడం. ఏ భాషలోనైనా ఒకే వేగంతో మాట్లాడేది. ఎనభైల మొదట్లో ఇద్దరం కలిసే డిగ్రీ కాలేజీలో బి.ఎ.లో చేరాం.

రెండో సంవత్సరంలో ఆమె కాలేజీ యూనియన్ సెక్రటరీ పదవికి నిలబడింది. అంతకు ముందు ఆడపిల్లలెవరూ ఆ పదవికి పోటీ చేయలేదు. ఆడపిల్లల కోసం వేరే ఒక ప్రతినిధి పదవి ఉండేది, దానితోనే సరిపెట్టుకునేవాళ్లు. "గదెందుకు, సెక్రటరీకే నిలవడత" అని ఆమె నామినేషన్ కాగితం నింపినప్పుడు క్లాసంతా చప్పట్లు కొట్టింది. లైబ్రరీ మధ్యాహ్నం రెండింటికే మూసేస్తున్నారని, దాన్ని సాయంత్రం దాకా తెరిపించాలని ఆమె పట్టుదల. ఇంటింటికీ తిరగడానికి వీల్లేదు కాబట్టి క్లాసు క్లాసుకూ తిరిగి మాట్లాడింది. చిన్న చిన్న చీటీల మీద ఆమె పేరు రాసి పంచే పని నాది.

యూనియన్ ఎన్నికలంటే పిల్లల ఆట కాదు అప్పట్లో. ఊళ్లోని పెద్ద పార్టీల మనుషులు వెనక ఉండేవాళ్లు. జీపుల్లో వచ్చి గేటు బయట నిలబడేవాళ్లు. ఆమె వెనక మాత్రం ఎవరూ లేరు. అయినా ఆమె గెలుస్తుందని అందరికీ అనిపించింది, ఎందుకంటే న్యాల్‌కల్, మొగుడంపల్లి వైపు ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలకు ఆమె అంటే ఇష్టం. కాలేజీలో సగానికి పైగా వాళ్లే.

పోలింగ్‌కు ఐదు రోజులుండగా, ఒక పొద్దున కాలేజీకి వెళ్లేసరికి ప్రతి బెంచీ మీదా ఒక గులాబీ రంగు కాగితం ఉంది. పైన పెద్ద అక్షరాలతో "గ్రామీణ విద్యార్థులారా, మేలుకోండి!" అని. కింద విషయం. సాయంత్రం న్యాల్‌కల్ పోయే బస్సును ఆపేయమని, ఊళ్ల నుంచి వచ్చే మొరటు కుర్రాళ్ల వల్ల పట్నం ఆడపిల్లలకు ఇబ్బందిగా ఉందని ఆమె బస్సు డిపోకు ఉత్తరం రాసిందట. మిమ్మల్ని నడిపించి ఇంటికి పంపాలనుకునే మనిషి మీకు సెక్రటరీ కావాలా అని ప్రశ్న. చివర "మీ శ్రేయోభిలాషులు". అంతే.

నేను చదివి నిలబడిపోయాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, అప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఇది అబద్ధం అని కాదు. వానాకాలంలో ఒకసారి మేమిద్దరం బస్టాండు మీదుగా వస్తుంటే, న్యాల్‌కల్ బస్సు దగ్గర పిల్లలు కిటికీల్లోంచి తువ్వాళ్లు విసిరి సీట్లు పట్టుకుంటూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో ఎవరో తగిలి ఆమె పుస్తకాలు బురదలో పడ్డాయి. "ఈ బస్సే లేకుంటే ఎంత నిమ్మళమో" అంది కోపంగా. ఆ మాట నాకు గుర్తొచ్చింది.

పక్కన కూర్చున్న అమ్మాయి "నిజమేనానే?" అని అడిగింది.

"ఉత్తరం సంగతి నాకు తెల్వది. గాని బస్సు గురించి ఒకసారి అన్నది మాత్రం నిజమే" అన్నాను.

అంత మాత్రమే అన్నాను. మధ్యాహ్నానికి ఆ మాట కాలేజీ అంతా తిరిగి, కొత్త బట్టలు కట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చింది. "ఆమె జాన్‌జిగ్రీ దోస్తే ఒప్పుకున్నదట, ఉత్తరం రాసేటప్పుడు పక్కనే ఉన్నదట" అని ఇంకో క్లాసు అమ్మాయి నాకే చెప్పింది, ఆ ప్రాణ స్నేహితురాలు నేనేనని తెలియక.

ఆమె మాత్రం ఆ రోజు ఏ క్లాసూ ఎగ్గొట్టలేదు. మొదటి వరసలోనే కూర్చుంది. ముందు రోజు దాకా "అక్కా, అక్కా" అని వెనక తిరిగిన పిల్లలు ముఖం తిప్పుకుని పోతుంటే చూస్తూ ఊరుకుంది. కాలేజీ వదిలాక వేప చెట్ల కింద నన్ను ఆపి మెల్లగా చెప్పింది.

"ఉత్తరం రాసింది నిజం."

నేను ఆమె ముఖం కేసి చూశాను.

"కాని బస్సు ఆపమని కాదు. నాలుగున్నరకే బస్సు పోతది గదా. సైన్సు గ్రూపు పిల్లలకు ప్రాక్టికల్స్ ఐదింటి దాకా ఉంటయి. సగంల వదిలిపెట్టి ఉరుకుతున్నరు. బస్సును జర ఐదుంబావుకు పంపుమని రాసిన. జవాబు రాలే. అందుకే ఎవ్వరికీ చెప్పలే."

"మరి గిట్లెందుకు రాసిన్రు?"

"నేను డిపోల ఉత్తరం ఇస్తుంటే ఎవరో చూసుంటరు. ఏం రాసిన్నో చూడలే. మిగతాది వాళ్లే రాసుకున్నరు."

ఆమె మాట నమ్మాను. కానీ నమ్మిన వెంటనే ఇంకో భయం పట్టుకుంది. నేను ఆ అమ్మాయితో అన్న మాట సంగతి ఈమెకు చెప్పాలా వద్దా? చెప్పలేకపోయాను.

ఇంటికి వెళ్లే దారిలో ఆ గులాబీ కాగితాన్ని మళ్లీ తీసి చూశాను. ఈసారి చదవడం మానేసి, ప్రెస్సులో నాయన అచ్చు చూసినట్టు చూశాను. కింద అంచున ప్రెస్సు పేరు లేదు. ఏ చిన్న నోటీసుకైనా కింద సన్న అక్షరాల్లో ఎక్కడ అచ్చయిందో వేయాలని నాయన ఎప్పుడూ చెప్పేవాడు. అది చట్టమట. తర్వాత శీర్షిక కింద ఉన్న గీత మీద నా చూపు ఆగింది. ఆ గీత కుడి చివరకు రాకముందే బియ్యపు గింజంత మేర తెగి ఉంది.

ఆ తెగిన గీత నాకు తెలుసు. అది మా నాయన ప్రెస్సులో గీతలు అచ్చు వేసే ఇత్తడి పట్టీది. ఎప్పుడో కింద పడి చివర నొక్కుకుపోయింది. కొత్తది తెప్పించమని నాయన ప్రెస్సు యజమాని సేటును అడుగుతూనే ఉండేవాడు. మా ఇంట్లో ఉన్న నాలుగైదు పెళ్లి కార్డుల మీద కూడా అదే తెంపు ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నాయనకు అన్నం డబ్బా తీసుకుని వెళ్లాను. ఆయన చేతులు కడుక్కుని జొన్నరొట్టె విప్పుతుంటే ఆ కాగితం ముందు పెట్టాను.

"నాయినా, గిది నువ్వు చేసినవా?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "చేసిన. సోమవారం. సేటు పెండ్లికి పోయిండు. ఎవరో పిలగాడు జీపుల వచ్చిండు. అర్జంటన్నడు. కింద ప్రెస్సు పేరు వెయ్యాలె గదా అంటే, పిల్లల ఎలక్షనే గద కాకా, పేరెందుకన్నడు. ఏమైంది?"

"ఎవరి గురించో చూసినవా?"

నాయన మళ్లీ కాగితం పట్టుకున్నాడు. ఈసారి పై నుంచి కింద దాకా మెల్లగా చదివాడు. అక్షరాలు కూర్చేటప్పుడు ఆయన కంటికి అక్షరాలే కనబడేవి, పొల్లు పోయిందా ఒత్తు పడిందా అని. విషయం ఏంటో పట్టించుకోకపోవడం ఆ పనికి అలవాటు. ఆమె పేరు దగ్గరికి వచ్చాక ఆగిపోయాడు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో అన్నం తిన్న పిల్ల ఆమె.

"మన గడియారాల పిల్లనా?"

"ఆఁ."

రొట్టె డబ్బాకు మూత పెట్టేశాడు. "గిది నిజమా అబద్ధమా?"

"అబద్ధమంటున్నది."

"అది అంటున్నది సరే. నీకెట్ల తెలుసు?"

స్నేహితురాలు చెప్పింది కాబట్టి నమ్మాను. ముందు రోజు కాగితం మీద అచ్చయింది కాబట్టి దాన్నీ సగం నమ్మాను. రెండూ ఒకటేనని, ఏదీ నేను చూసి తేల్చుకున్నది కాదని నాకు అప్పుడే తోచింది.

"ఉత్తరం డిపోకే గదా ఇచ్చింది" అన్నాడు నాయన. "డిపో ఏడికి పోలే. ఇద్దరు పోయి అడుగున్రి."

ఆ సాయంత్రం వెళ్లాం. డిపో ఆఫీసులో గుమాస్తా ఒక పెద్దాయన, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఉన్నాడు. మొదట విసుక్కున్నాడు. నా స్నేహితురాలు ఏ నెలలో ఇచ్చిందో, ఎవరి చేతికిచ్చిందో వివరంగా చెప్పేసరికి వచ్చిన ఉత్తరాలు ఎక్కించే రిజిస్టర్ తీశాడు. వేలు పెట్టి వరసలు దిగుతూ పోయాడు. ఒక చోట ఆగాడు.

"బస్సు టైం మార్పు గురించి. నీదేనామ్మా?"

"నాదే సార్."

లోపలి గదిలోంచి ఒక ఫైలు తెచ్చి అందులోంచి నోటుబుక్కు కాగితం ఒకటి తీశాడు. ఆమె గుండ్రటి దస్తూరీ, రెండు చోట్ల ఒత్తుల తప్పులు. సైన్సు విద్యార్థులు ప్రాక్టికల్ క్లాసు మధ్యలో వదిలేసి రావలసి వస్తోందని, న్యాల్‌కల్ బస్సును ముప్పావు గంట ఆలస్యంగా నడపాలని ప్రార్థన. బస్సు ఆపమన్న మాట ఎక్కడా లేదు.

"ఈ కాగితం మాకియ్యరాదా సార్?" అన్నాను.

"ఫైల్ల కాగితం బయటికి పోదమ్మా. నకలు రాసుకోన్రి. నేను చూసి ముద్రేస్త" అన్నాడు. ఆయన కాగితాన్ని వేలితో నొక్కి పట్టుకున్నాడు, నేను రాసుకున్నాను. ఆమె తప్పులు కూడా అలాగే రాయమని ఆమే చెప్పింది. చివర ఆయన రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి, ముద్ర వేసి సంతకం చేశాడు. "ఎవరికన్న అనుమానముంటే నా దగ్గరికి రమ్మనున్రి. ఆఫీసు టైంల ఎప్పుడొచ్చినా చూపిస్త" అన్నాడు.

మర్నాడు ప్రెస్సు సేటు తిరిగొచ్చాడు. నాయన జరిగింది దాచకుండా చెప్పాడు. సేటు ముఖం ఎర్రబడింది. "నా ప్రెస్సుల నా పేరు లేకుంట కాగితమెట్ల కొట్టినవయ్యా? రేపు పోలీసోళ్లొస్తే ఎవరు చెప్తరు జవాబు?" అని గట్టిగా అరిచాడు. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. అరుపులు తగ్గాక, "తప్పైంది సేటు. ఇంకొకటి కొట్టనిస్తవా? ఈసారి ప్రెస్సు పేరు, నా పేరు రెండూ వేసి" అని అడిగాడు. సేటు అలమారలోంచి తెల్ల కాగితాల కట్ట తీసి బల్ల మీద పడేశాడు.

ఎదుటి పక్షం మీద నాలుగు మాటలు వేయాలని నేను పట్టుబట్టాను. జీపులో వచ్చిందెవరో చెప్పేద్దామన్నాను. నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. "ఎవరో మనకు ఖాయంగ తెల్వదు. తెల్వనిది మనం గూడ కొడితే వాళ్లకూ మనకూ ఫరక్ ఏముంటది?" అంది. చివరికి ఆ ఉత్తరం ఉన్నదున్నట్టు, తప్పులతో సహా అచ్చయింది. కింద ఎవరైనా డిపోకు వెళ్లి అసలు కాగితం చూసుకోవచ్చని ఒక వాక్యం. ఆ కింద ప్రెస్సు పేరు, కూర్చినవాడిగా మా నాయన పేరు.

పోలింగ్‌కు ముందు రోజు పోటీ చేసేవాళ్లంతా మాట్లాడే సభ. కాలేజీ వెనక రేకుల షెడ్డు కింద జరిగింది. ఆమె వంతు వచ్చేసరికి వెనక నుంచి ఈలలు, "బస్సెక్కి పో" అని కేకలు. ఆమె తన కాగితం చదవడం మొదలుపెట్టగానే ఇంకా గోల. అప్పుడు షెడ్డు పక్కన నిలబడి ఉన్న మా నాయన ముందుకు వచ్చాడు. అంతకు ముందు ఆయన ఏనాడూ కాలేజీ గేటు దాటి లోపలికి రాలేదు. సిరా మరకల చొక్కాతోనే వచ్చాడు. ప్రిన్సిపాల్ గారిని చూసి నమస్కారం పెట్టి, "సార్, రెండు ముచ్చట్లు చెప్పి పోత" అన్నాడు. ఆయన తలూపారు.

నాయన ఒక చేతిలో గులాబీ కాగితం, ఇంకో చేతిలో తెల్ల కాగితం పట్టుకున్నాడు.

"బిడ్డలారా, నేను కంపోజిటర్ను. ఈ గులాబీ కాయితం నేనే చేసిన. ఈ తెల్లది గూడ నేనే చేసిన. రెంటి మీద గీత చూడున్రి, ఒక్క తీరుగనే తెగి ఉంటది. గులాబీ దాని కింద పేరు లేదు. పేరు వద్దన్నోడు ఎందుకు వద్దన్నడో నేను అప్పుడే అడగాలె. అడగలే. తెల్లదాని కింద నా పేరున్నది. దీంట్ల ఒక్క మాట అబద్ధముంటే నన్ను పట్టుకోన్రి. ప్రెస్సు స్టేషన్ మలుపుల్నే ఉన్నది."

గోల తగ్గింది. మధ్యలోంచి న్యాల్‌కల్ వైపు కుర్రాడొకడు లేచాడు. పొడుగ్గా ఉంటాడు, కబడ్డీ జట్టులో ఆడేవాడు.

"అంటే ఎవరేం తెచ్చిచ్చినా కొడ్తవా కాకా?"

నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. నాయన తల గోక్కున్నాడు.

"గిన్నొద్దులు గట్లనే కొట్టిన బిడ్డా. చదవకుంట కొట్టిన. ఇగ కొట్ట."

ఆ కుర్రాడు తెల్ల కాగితం ఒకటి తీసుకుని, పక్కనున్న నలుగురితో కలిసి షెడ్డులోంచి బయటికి నడిచాడు. కోపంతో వెళ్లిపోయారని అనుకున్నాం. గంట తర్వాత సైకిళ్ల మీద తిరిగొచ్చారు. డిపోకు వెళ్లి ఫైలు చూసి వచ్చారట. వాళ్ల తర్వాత ఇంకో గుంపు వెళ్లింది. సాయంత్రానికి ఆ గుమాస్తా విసిగిపోయి రిజిస్టర్‌ను కిటికీ దగ్గరే తెరిచి పెట్టాడని తర్వాత విన్నాను. ఇంతమంది ఎందుకొస్తున్నారని డిపో మేనేజర్ ఆరా తీశాడట. ఆ నెల దాటకముందే న్యాల్‌కల్ బస్సు ఐదుంబావుకు మారింది. యూనియన్ ఎన్నిక ఎలా ముగిసినా, ఆ మార్పు మాత్రం ఆ ఉత్తరం వల్లే వచ్చింది.

సభ అయ్యాక మేమిద్దరం నడిచి వస్తున్నాం. అంతమంది ముందు నాయన తన తప్పు చెప్పుకోవడం చూశాక ఇక నేను దాచలేకపోయాను. పండ్ల బండి దగ్గర ఆగి చెప్పేశాను, వానాకాలం మాట నేనే బయటపెట్టానని, దానికి కాళ్లొచ్చి అది ఎంత దూరం పోయిందో.

ఆమె ఒక జామపండు తీసి అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆ దినమే. మధ్యాహ్నమే చెప్పిన్రు నాకు."

"మరి డిపోకు నన్నెందుకు తీస్కపోయినవ్?"

"ఇంకెవర్ని తీస్కపోవాలె?" అంది. "కోపమొచ్చింది. మస్తొచ్చింది. ఆ రాత్రి అన్నం గూడ తినలే. గాని ఆ మాట నేనన్నదే గదా. నువ్వు పుట్టించింది కాదు. నన్నొక్కసారి అడిగి ఆ పిల్లకు చెప్తే అయిపోతుండె. అడగలే, గంతే" అంది. జామపండు రెండు ముక్కలు చేయించి, ఉప్పు కారం అద్ది సగం నాకిచ్చింది. నేను ఏడుస్తూనే తిన్నాను. బండి ఆయన కారం ఎక్కువైందనుకుని నీళ్లిచ్చాడు.

ఆమె గెలిచింది. మరీ పెద్ద తేడాతో కాదు, కానీ గెలిచింది. బస్సుల్లో వచ్చే పిల్లల్లో కొందరు చివరిదాకా నమ్మలేదు, కొందరు నమ్మి వేశారు. కబడ్డీ కుర్రాడు ఎవరికి వేశాడో ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే నవ్వేవాడు.

ఆ ఏడాది మా తెలుగు లెక్చరర్ గారు ఒక పని చేశారు. శనివారం ఒక క్లాసును ప్రెస్సుకు తీసుకొస్తానని సేటును అడిగారు. సేటు ముందు గొణిగి, తర్వాత తనే కుర్చీలు తెప్పించాడు. ముప్పై మంది ఆ ఇరుకు గదిలో గోడలకు అతుక్కుని నిలబడ్డారు. ఒక వార్త చేత్తో రాసిన కాగితం నుంచి అచ్చు దాకా ఎన్ని చేతులు మారుతుందో నాయన చూపించాడు. ఒక అక్షరం పోతే అర్థం ఎలా తిరగబడుతుందో చూపడానికి, "రాలేదు" అని కూర్చి, మధ్యలో ఒక్కటి తీసేసి "రాదు" చేశాడు. పిల్లలు ఊరికే నవ్వారు. లెక్చరర్ గారు మాత్రం నవ్వలేదు. "నిన్న రాలేదనే మాటకు, ఎప్పటికీ రాదనే మాటకు మధ్య ఒక్క సీసపు ముక్క" అని బోర్డు లేకపోయినా గాలిలో వేలితో రాసి చూపారు. ఆ తర్వాత రెండు మూడు శనివారాలు వేరే క్లాసులవాళ్లు వచ్చారు. పేపర్లు, కరపత్రాలు పట్టుకొచ్చి, "కాకా, ఇదెక్కడ కొట్టిన్రో చెప్పు" అని నాయనను పరీక్షించేవాళ్లు. ఆయనకు సగం తెలిసేవి, సగం తెలిసేవి కాదు. తెలియనివి తెలియవనే చెప్పేవాడు.

లైబ్రరీ ఐదింటి దాకా తెరిచే ఉత్తర్వు వచ్చాక, సెక్రటరీ హోదాలో ఆమె మొదటి నోటీసు రాసి ప్రెస్సుకు తెచ్చింది. నాయన ఈసారి కళ్లద్దాలు తుడుచుకుని, అక్షరాల పెట్టె దగ్గరికి పోకముందే ఆ నోటీసు మొత్తం పైకి చదివాడు. చదివి, "బిడ్డా, 'గ్రంథాలయం'ల ఒత్తు తప్పు రాసినవ్" అన్నాడు.

"మీరు దిద్దున్రి కాకా."

"నేనెట్ల దిద్దుత? నీ సంతకమున్న కాయితం. నువ్వే దిద్దియ్యి" అని పెన్సిల్ అందించాడు. ఆమె నా వైపు చూసి కళ్లు పెద్దవి చేసి, బల్ల మీద వంగి దిద్దింది.